మొదటి తట్ట

గోడ మొట్టమొదట మాట్లాడిన మాట ఒక తిట్టు.

కూలగొట్టిన పాత బడి పునాదిలోంచి తెచ్చిన కాంక్రీటు ముక్క అది. నీలవేణి దాన్ని వజ్రపు సూది కింద బిగించి, పొరపొరగా అరగదీస్తూ కూర్చుంది. స్పీకర్లో మొదట ఇసుక రాలినట్టు గరగర. ఆ గరగరలోంచి ఎవరో మగమనిషి గొంతు స్పష్టంగా, కోపంగా పలికింది. "బస్తా తడిపేశావు కదరా, నీ మొహం మండా."

అంతే. శాస్త్రం చెవిలో రాయి పలికిన తొలి పలుకు ఏ మంత్రమో నీతివాక్యమో కాదు, మేస్త్రీ కోపం. నీలవేణి కుర్చీలోంచి లేచి నవ్వింది, తర్వాత ఏడ్చింది, తర్వాత వాళ్ళమ్మకి ఫోన్ చేసింది. వాళ్ళమ్మ అప్పలనరసమ్మ విని, "ఇందులో వింతేటున్నాదే? మేం పోసిన గోడలన్నీ మా తిట్లతోనే కదా లేచినాయి," అంది.

సంగతి చిన్నదే. నీళ్ళు కలిపిన సిమెంటు గట్టిపడే కొన్ని గంటల్లో దాని లోపల సూదుల్లాంటి స్ఫటికాలు పుడతాయి. ఆ వేళ పక్కన ఎవరైనా గట్టిగా మాట్లాడితే ఆ అదురుకి సూదులు ఒక వారకి ఒరుగుతాయి, ఒరిగినవి ఒరిగినట్టే బిగిసిపోతాయి. అడుగు పొరలో ముందు మాట, పై పొరలో వెనక మాట. చదవాలంటే అరగదీయాలి. అరగదీసిందంతా పొడైపోతుంది. ఒక్కసారే వినాలి, రెండోసారి లేదు.

అప్పటికి వాళ్ళ దేశం తీర గణతంత్రంలో కోర్టులన్నీ రికార్డింగులు నమ్మడం మానేశాయి. ఎవరి గొంతుతో ఏ మాటైనా పలికించే యంత్రాలు సెల్లు ఫోన్ల దుకాణాల్లో దొరుకుతుంటే ఇంక నమ్మేదేముంది? టేపు తెస్తే జడ్జీలు నవ్వేవాళ్ళు. కానీ గట్టిపడిన కాంక్రీటులో కొత్తగా మాట దూర్చడం ఎవడి తరమూ కాదు. అందుకని పార్లమెంటు ఒక చట్టం చేసింది. రాయి చెప్పిన మాట సాక్ష్యం. అయితే న్యాయమూర్తి నియమించిన మనుషులు ఎదురుగా కూచుని తమ చెవులతో వినాలి. కాపీలు చెల్లవు.

ఆ చట్టం మీద సంతకం పెట్టింది అధ్యక్షుడు కంచర్ల విశ్వంభర్. రాయిలో తన గొంతు కూడా ఉందని ఆయనకి అప్పుడు గుర్తు లేదు.

*

ఆయన అధ్యక్షుడు కాకముందు నీటిపారుదల మంత్రి. బొంతేరు మీద ఆనకట్టకి సొరంగం తవ్వి, దాని నోటి దగ్గర గేటు స్తంభం పోసే రోజున కెమెరాలు వెంటేసుకుని వచ్చాడు. కాంక్రీటు పోసే కూలీల ముఠాకి మేస్త్రీ అప్పలనరసమ్మ. ఆడమేస్త్రీని చూసి మంత్రి వెంట వచ్చినవాళ్ళు ముసిముసిగా నవ్వారు. ఆమె వాళ్ళని పట్టించుకోలేదు. ఆమె భర్త చింతాడ సన్యాసి ముఠాకి పనిపాట ఎత్తుకునే పాటగాడు.

ఆ ముఠాకి ఒక ఆచారం ఉంది. మొదటి తట్ట కాంక్రీటు ఎవరు వేస్తే వాళ్ళు చెప్పులు విప్పి, పోతకి అచ్చుగా కట్టిన సెంట్రింగు చెక్క మీద అరచెయ్యి ఆనించి, తమ పేరూ తల్లిదండ్రుల పేరూ చెప్పాలి. ఆ వరస కాంక్రీటు నిండేదాకా చెక్క మీంచి చెయ్యి తియ్యకూడదు. కలెక్టరైనా సరే, కాంట్రాక్టరైనా సరే. చెయ్యి తీస్తే గోడ తమది కాదని వాళ్ళు తట్టలు దించేసి కూచుంటారు. ఆ రోజు మంత్రి కెమెరాల ముందు కాదనలేక బూట్లు విప్పాడు.

వరస సగం నిండేసరికి ఎగువన వాన కబురు వచ్చింది. నీళ్ళ పంపు వెనక్కి తేవడానికి సన్యాసి, మరో పదిమంది సొరంగం లోపలికి వెళ్ళి ఉన్నారు. ఇంజనీరు దాలినాయుడు పరిగెత్తుకొచ్చి మిక్సరు మోతలో మంత్రికి గట్టిగా ఏదో చెప్పాడు. చెక్క మీద చెయ్యి అలాగే ఉంచి మంత్రి ఏదో అన్నాడు. సొరంగం నోటికి అప్పటికే తాత్కాలికంగా బిగించిన గేటు దిగింది. పదకొండు మంది బయటికి రాలేదు.

విచారణ సంఘం ముందు అప్పలనరసమ్మ నిలబడి, మంత్రి నోటి మాట తన చెవులతో విన్నానని చెప్పింది. సంఘం రాసుకున్నదేమిటంటే, మిక్సరు మోతలో సాక్షి పొరబడింది, గేటు గొలుసు దానంతటదే తెగింది. దాలినాయుడు నోరు విప్పకుండానే రెండేళ్ళకి గుండెపోటుతో పోయాడు. మంత్రి ముఖ్యమంత్రి అయ్యాడు, తర్వాత దేశానికే అధ్యక్షుడయ్యాడు. అప్పటికి పాకుతూ ఉన్న నీలవేణి పెరిగి, తల్లి మాట ఎందుకు చెల్లలేదో తేల్చడానికే చదివినట్టు చదివింది. నాన్న గొంతు ఎలా ఉండేదో ఆమెకి తెలియదు.

ఆనకట్ట వెడల్పు చేసేటప్పుడు ఆ స్తంభం తీసేశారు. ముఠా వాళ్ళు దాని అడుగు దిమ్మని ట్రాక్టరు మీదెక్కించుకుని, పూలదండ వేసి, డప్పు కొట్టుకుంటూ తెచ్చి నీలవేణి ప్రయోగశాలలో దించారు. ఎక్స్‌రే వేస్తే మాటలు తెలియవు గానీ, మాటలున్న చోట నీడలు కనిపిస్తాయి. దిమ్మ నడుమ ఒక నీడ. అడుగున మరో నీడ.

"నడిమిది నువ్వు తీసుకో," అంది అప్పలనరసమ్మ. "అడుగుది నాది. అందులో మీ అయ్య పాట ఉన్నాది. నాను పోయేనాడు నా మంచం పక్కన ఎట్టి ఇనిపించు. అందాకా ఆ సూది దాని మీద పడకూడదు."

నీలవేణి సరేనంది. మాట ఇచ్చింది.

*

ముఠా వేసిన కేసు పేరు పెద్దది, ప్రశ్న చిన్నది. పదవిలో ఉన్న అధ్యక్షుడి మీద నేరవిచారణ చెయ్యొచ్చా?

ప్రభుత్వ న్యాయవాది లోకనాథం రాజ్యాంగం తెరిచి చదివాడు. పదవిలో ఉన్నంతకాలం అధ్యక్షుడి మీద ఏ క్రిమినల్ చర్యా మొదలుపెట్టరాదు, సాగించరాదు. "ఇంతకంటే సూటిగా ఎవరు రాయగలరు, మిలార్డ్? ఆయన దిగాక రండి. అప్పుడు వినండి గోడని, నేలని, మీ ఇష్టం."

ప్రధాన న్యాయమూర్తి ఏకాంబరం చెవి మిషను సరిచేసుకుని, ముఠా తరఫు లాయరు మెహరున్నిసా వైపు చూశాడు.

"ఆయన దిగేసరికి గోడ ఉండదు, మిలార్డ్," అంది మెహరున్నిసా. "కాంక్రీటుని గాలి తినేస్తుంది. స్తంభం కొట్టినప్పుడు నడిమి పొర గాలికి తెరుచుకుంది, ఇప్పుడు మూసినా ఆగదు. డాక్టరు నీలవేణి లెక్క ప్రకారం ఈ వానాకాలం దాటితే ఆ పొరలో మాట మిగలదు. అధ్యక్షుడికి ఇంకా నాలుగేళ్ళుంది, మళ్ళీ నిలబడతానంటున్నారు. రక్షణ ఇచ్చింది పదవి నడవడానికి. సాక్ష్యం చచ్చిపోయేదాకా కాపు కాయడానికి కాదు. పైగా ఆ రోజు ఆయన అధ్యక్షుడు కాడు."

"అధ్యక్షుడి గొంతు అధ్యక్షుడి శరీరంలో భాగం," అన్నాడు లోకనాథం. "దాన్ని అరగదీసి వినడమంటే ఆయన్ని బోనెక్కించి ఆయన మీద ఆయనచేతే చెప్పించడం."

"అయితే అధ్యక్షులవారు తుమ్మిన గదులన్నిటికీ రాజ్యాంగ రక్షణ ఇద్దామా?"

వెనక బెంచీల్లో ముఠా ఆడవాళ్ళు గొల్లుమన్నారు. ముందు వరసలో అప్పలనరసమ్మ వెలిగించని చుట్టని నోట్లో పెట్టుకుని కూచుంది. కోర్టు బంట్రోతు వచ్చి గొణిగాడు.

"ఎలిగించనేదు కదా బావు," అందామె. "నోరు ఊరుకోడం లేదు. దీన్ని అడ్డం ఎట్టుకున్నాను. తీసేమంటే తీసేత్తాను, మరి తరవాత నాను మాటాడితే నీ పూచీ."

బంట్రోతు వెనక్కి వెళ్ళిపోయాడు.

లోకనాథం ఈసారి గొంతు తగ్గించాడు. అసలు దెబ్బ కొట్టేటప్పుడు ఆయన గొంతు తగ్గిస్తాడని నీలవేణి అప్పటికే గమనించింది.

"సరే, విన్నామనే అనుకుందాం. గోడ ఏదో మాట చెబుతుంది. ఆ గొంతు ఎవరిది? పోల్చి చూడ్డానికి అధ్యక్షుల గొంతు కావాలి. ఆయన ప్రసంగాల రికార్డింగులు చెల్లవు, చట్టం ఒప్పుకోదు. ఆయన్నే వచ్చి మాట్లాడమందామా? పదవిలో ఉన్నవారికి సమన్లు ఇవ్వడానికి వీల్లేదు. పేరు తేలని గొంతు కోసం, ఒక్కసారే వినగల రాయిని పొడి చేసుకుంటారా? వింటే సాక్ష్యం పోతుంది. వినకపోతే వాన తినేస్తుంది. ఇది మా తప్పు కాదు, మిలార్డ్. రాజ్యాంగం అలా ఉంది."

మెహరున్నిసా కాగితాలు తిరగేసింది. ఏకాంబరం నీలవేణిని అడిగాడు. "డాక్టరు గారూ, ఆ గొంతు ఎవరిదో రాయే చెప్పే మార్గం ఏదైనా ఉందా?"

ఉంది. నీలవేణికి తెలుసు. చిన్నప్పటినుంచి ప్రతి గోడ దగ్గరా చూసింది. మొదటి తట్ట వేసినవాడు తన పేరు తనే చెబుతాడు. ఆ పేరు అడుగు పొరలో ఉంది. అమ్మ పొరలో.

ఆమె వెనక్కి తిరిగి చూడలేదు. "ఆలోచించుకోవడానికి రేపటిదాకా టైము ఇప్పించండి," అంది.

*

ఇంటికొచ్చేసరికి అప్పలనరసమ్మ వంకాయల్లో ఎండు నెత్తళ్ళు వేసి కలుపుతోంది. వెనక్కి తిరక్కుండానే అడిగింది.

"సెప్పలేదేటే?"

"ఏం చెప్పాలి?"

"నా దగ్గిర లాయరు మాటలు మాటాడకు. ఆడు పేరు సెప్పి తట్ట ఏసినాడని జడ్జీకి ఎందుకు సెప్పలేదు?"

"అది నీ పొర. నేను మాటిచ్చాను."

అప్పలనరసమ్మ గరిటె పక్కన పెట్టింది. "ఏరే దారి లేదేటి?"

"లేదమ్మా. నడిమి పొరలో మాట ఉంది. ఆ మాట ఎవరిదో అడుగు పొరలో ఉంది. రెండూ ఒకే దిమ్మ, ఒకే సూది. రెండూ పోతాయి."

తల్లి పెరట్లోకి వెళ్ళి అరుగు మీద కూచుంది. చుట్ట వెలిగించి, నిప్పు నోట్లోకి పెట్టుకుని అడ్డపొగ పీల్చింది. కాసేపు పక్కింటి కోళ్ళని చూసింది. నీలవేణి వెళ్ళి గుమ్మంలో కూచుంది.

"ఆ పేరు ఎవరు సెప్పించినారో తెల్సా నీకు?" అంది తల్లి చివరికి. "మీ అయ్య. మంత్రికి మాటలు రావు కదా. మీ అయ్య ఒక్కో ముక్క అందిత్తంటే ఆడు బళ్ళో గుంటడిలాగ ఎనకాలే అన్నాడు. మీ అయ్యకి సొక్కా లేదు. ఆడికి పట్టు సొక్కా. నాను నవ్వు ఆపుకోలేక కొంగు నోట్లో కుక్కుకున్నాను."

"నాకెప్పుడూ చెప్పలేదే."

"నాకోసం దాసుకున్నాను. ఇన్నేళ్ళు ఎవులికీ సెప్పకుండా దాసుకున్నాను. నాను సచ్చిపోయేటప్పుడు ఆ గొంతు ఇంటే సాలనుకున్నాను." పొగ వదిలింది. "ఇప్పుడాలోచిత్తే నాకే సిగ్గేత్తంది. మీ అయ్య ఆడిసేత అది సెప్పించింది నా మంచం కోసం కాదు. నలుగురూ ఇనాలని. గోడకి జవాబు సెప్పాలని. నానొక్కదాన్నే ఇని కళ్ళు మూసేత్తే ఆ గోడ ఎవలిది?"

నీలవేణి లేచి వచ్చి అరుగు మీద తల్లి పక్కన కూచుంది.

"ఒకటి రాయించు," అంది తల్లి. "కోర్టు తీసుకుందని కాదు. చింతాడ అప్పలనరసమ్మ ఇచ్చిందని. నా పొర నానిత్తన్నాను. ఆ ముక్క లేకపోతే దిమ్మ ఈడ్చుకుని ఎళ్ళిపోతాను, సెప్పు ఆ జడ్జీకి." లేచి లోపలికి నడిచింది. "రా, తిను. కూర సల్లారిపోతంది."

*

ఏకాంబరం తీర్పు ఒక్క పేజీ. అధ్యక్షుడి మీద చర్య వద్దంది రాజ్యాంగం. అధ్యక్షుడి గురించి నిజం వద్దనలేదు. పదవి ఉన్నది మనిషికి, గోడకి కాదు. కాబట్టి దర్యాప్తు జరగాలి. అభియోగం మాత్రం ఆయన కుర్చీ దిగిన రోజున. అందాకా కాలదోషం లెక్కలోకి రాదు. రాయిని ఇచ్చింది చింతాడ అప్పలనరసమ్మ.

వినడానికి తను రానన్నాడు. "నా చెవుల్లో మిషను ఉంది. లోకనాథం గారు రేపు మిషను విందంటారు. పైగా నేను ఎన్నాళ్ళుంటానో నాకే తెలియదు. అధ్యక్షులవారు ఎన్నిసార్లు గెలిచినా వారికంటే ఎక్కువకాలం బతికే చెవులు కావాలి." రాష్ట్రాల్లోంచి అయిదుగురు కుర్ర మేజిస్ట్రేట్లని పిలిపించాడు. ముగ్గురు ఆడపిల్లలు, ఇద్దరు మగపిల్లలు. ఒకరినొకరు ఎరగనివాళ్ళు.

పొద్దున్న పదికి ప్రయోగశాల నిండిపోయింది. అయిదుగురూ ముందు వరసలో. లోకనాథం చేతులు కట్టుకుని గోడకి ఆనుకున్నాడు. వెనక ముఠా. కిటికీల అవతల రోడ్డు మీద ఎంతమందో చెప్పలేం, పోలీసులే తోవ లేక కాంపౌండు గోడ మీద కూచున్నారు.

నీలవేణి దిమ్మని అడుగు పైకి వచ్చేలా బిగించింది, కాలం చివరినుంచి వెనక్కి కాకుండా మొదటినుంచి చివరికి నడిచేలా. సూది ఆమె చేతి కింద ఉంది. యంత్రం నడిపేది సగమే, ఒత్తిడి చెయ్యి చూసుకోవాలి. చెయ్యి వణికితే సూది గెంతుతుంది. గెంతితే మాట పోతుంది.

సూది దించింది. గరగర. తట్టల చప్పుడు. అందులోంచి ఒక మగగొంతు, కాస్త బొంగురు, నవ్వుతున్న గొంతు.

"సెయ్యి ఆనించండి బావు. ఆఁ, అలాగ. నా ఎనకాల అనండి. నాను..."

"నేను," అంది ఇంకో గొంతు, విసుగ్గా.

"నా పేరు, మా అమ్మ పేరు, మా నాన్న పేరు."

"కంచర్ల విశ్వంభర్. తల్లి రాజ్యలక్ష్మి. తండ్రి కంచర్ల గోపాలం."

"ఈ గోడకి మొదటి తట్ట ఏసినాను."

"ఈ గోడకి మొదటి తట్ట వేశాను."

"నిలిత్తే మన పేరు. కూలితే నా తప్పు."

అక్కడ ఒక్క క్షణం ఆగింది గొంతు. రాయిలోనే ఎవరో వెనకనుంచి కెమెరా, కెమెరా అన్నారు. "నిలిస్తే మన పేరు. కూలితే నా తప్పు."

నీలవేణి చెయ్యి వణకలేదు. వణకనివ్వలేదు. నాన్న గొంతు మొదటిసారి వింటోంది, చివరిసారి వింటోంది, వేలికింద పొడి పొడిగా రాలిపోతుంటే వింటోంది. కళ్ళనీళ్ళు గడ్డం మీంచి కారి కోటు మీద పడ్డాయి. ఆమె తుడుచుకోలేదు. చేతులు ఖాళీ లేవు.

"ఎవలిది గోడ?" అని రాయి పాడింది.

ప్రయోగశాల వెనకనుంచి అప్పలనరసమ్మ గొంతు లేచింది. "మన గోడ."

"ఎవలిది గోడ?"

ఈసారి ముఠా అంతా. కిటికీ అవతల రోడ్డు కూడా. "మన గోడ."

లోకనాథం అభ్యంతరం చెప్పబోయి నోరు మూసుకున్నాడు. పాట సన్నగిల్లి దూరమైంది. సన్యాసి లోపలికి వెళ్ళిపోతున్నాడు. సూది నడిమి పొరలోకి వచ్చింది. పరిగెత్తుకొచ్చిన మనిషి ఆయాసం.

"సార్, గేటు ఇప్పుడే దించొద్దు. లోపల ఇంకా మనుషులున్నారు, పదకొండు మంది..."

"నాయుడూ, నీళ్ళొచ్చి ఈ పని కొట్టుకుపోతే రేపు పేపర్లో ఎవరి మొహం? నాదా, నీదా? దించు."

"సార్, పావుగంట. పిలిపిస్తాను."

"లోపల ఎవరూ లేరు. లేరంటే లేరు. దించు."

ఆ తర్వాత ఇనుము మీద ఇనుము జారిన మోత. తెగిన గొలుసు మోత కాదది, తిప్పుతుంటే దిగే గొలుసు మోత. చక్రంలో ఒక్కో పన్నూ లెక్కగా, నిదానంగా. ఆ మోత వెనక సన్నగా ఒక ఆడగొంతు, వద్దు, వద్దు, అయ్యా, లోపల ఉన్నారు.

అప్పలనరసమ్మ కళ్ళు మూసుకుంది. మిక్సరు మోతలో పొరబడిందని రాసుకున్న గొంతు అది.

నీలవేణి సూది ఎత్తింది. బల్ల మీద గుప్పెడు బూడిదరంగు పొడి.

అయిదుగురిలో చిన్నపిల్ల, ఎక్కడో ఎగువ జిల్లానుంచి వచ్చిన మేజిస్ట్రేటు రేవతి, కలం పట్టుకుని రాయలేక కూచుంది.

"విన్నారా అమ్మా?" అంది అప్పలనరసమ్మ, ముందుకొచ్చి.

"విన్నామమ్మా."

"కాయితం మీద రాత్తారేటి?"

"రాస్తాం. సంతకాలు పెడతాం."

"ఆ కాయితం మీరు రాయనేదని, మీ సంతకం మిషను ఏసిందని రేపు ఈ బావు అంటాడు." లోకనాథం వైపు చూపించింది. ఆయన కాదనలేదు. ఆమె వాకిట్లోకి కేకేసింది. ముఠా ఆడవాళ్ళు ఒక సెంట్రింగు పెట్టె, తడిపిన కాంక్రీటు తట్టా మోసుకొచ్చారు. వాకిట్లో అప్పుడే కలిపి ఉంచారు. ఆమె బల్ల మీది పొడిని అరచేత్తో ఊడ్చి, తట్టలో వేసి, గరిటెతో తిప్పింది.

"అది సాక్ష్యాధారం," అన్నాడు లోకనాథం.

"అది మా ఆయన," అంది అప్పలనరసమ్మ, తిప్పడం ఆపకుండా.

నీలవేణి అయిదుగురికీ చెప్పింది. ఇది గట్టిపడేలోపు మీరు విన్నది దీనికి చెప్పండి. దీన్ని ఎవరూ మార్చలేరు. కొత్త దిమ్మ తడి బిగిశాక మైనం పట్టించి మూస్తాం, గాలి తగలకుండా. అధ్యక్షులవారు దిగిన రోజున తెరుస్తాం.

రేవతి లేచింది. ఎవరూ చెప్పకుండానే చెప్పులు విప్పింది. తట్ట రెండు చేతులా ఎత్తలేక ఎత్తి పెట్టెలో వంచింది. చెక్క మీద అరచెయ్యి ఆనించింది. మాటలు వెతుక్కుంటూ అప్పలనరసమ్మ వైపు చూసింది.

అప్పలనరసమ్మ నడుము నిటారుగా చేసుకుంది. నోట్లోంచి వెలిగించని చుట్ట తీసి చెవి మీద పెట్టుకుంది. అయిదుగురినీ, ముఠానీ, చేతులు విప్పుకున్న లోకనాథాన్నీ ఒక్కసారి కలియజూసింది.

"నా ఎనకాల అను, తల్లీ," అంది. "నాను..."

"నేను," అంది రేవతి.